వెబ్ మైనింగ్‌లో పీహెచ్‌డీ, ఇప్పుడు వాతావరణ శాస్త్రం వైపు: వైజాగ్‌లో ఇలా మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మద్దిలపాలెం_స్కాలర్
అందరికీ నమస్కారం. కంప్యూటర్ సైన్స్‌లో నా పీహెచ్‌డీ పూర్తి కావస్తోంది. టాపిక్ వెబ్ యూసేజ్ మైనింగ్. సర్వర్ లాగ్‌లు శుభ్రం చేయడం, సెషన్లు విడదీయడం, ఏ పేజీ తర్వాత ఏ పేజీకి వెళ్తున్నారో ప్యాటర్న్‌లు తీయడం, ఇదీ నా పని. ఇప్పుడు ఉత్తర కోస్తా భారీ వర్షాల మీద ఒక ప్రాజెక్టులో చేరే అవకాశం వచ్చింది. చాలా ఇష్టంగా ఉంది, అంతే టెన్షన్‌గానూ ఉంది. బీటెక్ మొదటి ఏడాది తర్వాత ఫిజిక్స్ ముట్టుకోలేదు. ఇంట్లో "ఇన్నేళ్లు చదివింది గాలికి వదిలేస్తావా" అంటున్నారు. నేర్చుకున్నదాంట్లో ఏది పనికొస్తుంది, ఏది పక్కన పెట్టాలి?

లాసన్స్‌బే_గాలి
వదిలేసేది ఏమీ లేదండి. నేనూ సెర్చ్ లాగ్‌ల నుంచి వచ్చినవాణ్నే, ఇప్పుడు వర్షపాతం డేటా మీద పనిచేస్తున్నాను. లాగ్‌లో ఒక యూజర్ 30 నిమిషాలు కదలకపోతే సెషన్ అయిపోయిందనుకుంటాం కదా. వాన దగ్గరా అదే ప్రశ్న. ఆగి మళ్లీ మొదలైతే అది పాత వానేనా, కొత్తదా? మధ్యలో 6 గంటలు పొడిగా ఉంటే వేరే వానగా లెక్కేయడం చాలా పేపర్లలో కనిపిస్తుంది. అయితే 30 నిమిషాల సంగతి మనల్ని ఎవరూ గట్టిగా నిలదీయలేదు, ఇక్కడ మాత్రం ఆ 6 గంటలే ఎందుకో చెప్పాలి. సాయంత్రం ఉరుముల వాన గంటా రెండు గంటల్లో తేలిపోతుంది. వాయుగుండం వాన రెండు రోజులు విడిచి విడిచి కొడుతుంది. రెండింటికీ ఒకే గీత గీస్తే లెక్క తప్పుతుంది.

లాగ్‌లో మరీ విపరీతంగా ఏదైనా కనిపిస్తే మనిషి కాదు, బాట్ (ప్రోగ్రామ్) అని తీసిపారేస్తాం. ఇక్కడ ఆ విపరీతమే మన సబ్జెక్టు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న మన ఊరి దగ్గరే తీరం దాటింది. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ (వానను, గాలి వేగాన్ని కొలిచేది) ఆ రోజే దెబ్బతిని ఆగిపోయింది. అంటే మనకు అన్నిటికన్నా ముఖ్యమైన గంటల్లోనే రీడింగులు లేవు. లాగ్‌లలో చేసినట్టు ఆ ఖాళీని సగటుతో పూడిస్తే తుపానే మాయమవుతుంది. డేటా ఎందుకు లేదో తెలుసుకోవడం ఈ రంగంలో సగం పని. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

గాజువాక_కోడర్
ఫైళ్ల సంగతి నేను చెప్తాను, కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) రోజువారీ వర్షపాతం అంటే ఉదయం 8:30కి ముగిసే 24 గంటల మొత్తం. ఈఆర్ఏ5 అనే ప్రపంచవ్యాప్త వాతావరణ డేటా గంటగంటకూ ఉంటుంది కానీ టైమ్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మన 8:30 అక్కడ 03:00. కాబట్టి 12వ తేదీ సాయంత్రం కురిసిన వాన ఐఎండీ ఫైల్లో 13 కింద ఉంటుంది, ఈఆర్ఏ5లో 12 కింద. రెండింటినీ తేదీ చూసి కలిపేస్తే మోడల్ చక్కగా నడుస్తుంది, ఫలితం మాత్రం పనికిరాదు. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

ఖాళీల గుర్తులు కూడా చూసుకోవాలి. ఐఎండీ గ్రిడ్ ఫైళ్లలో (మ్యాప్‌ను గళ్లుగా విడదీసి ఒక్కో గడికి ఒక్కో అంకె ఇచ్చేవి) డేటా లేనిచోట వర్షపాతానికి -999, ఉష్ణోగ్రతకు 99.9 పెడతారు. మొదటిది కంటికి ఆనుతుంది. రెండోది సగటులో కలిసిపోయి ఊరంతా మండిపోతున్నట్టు చూపిస్తుంది. నెట్‌సీడీఎఫ్ అనే ఫైల్ ఫార్మాట్, పైథాన్‌లో దాన్ని చదివే ఎక్స్‌అర్రే లైబ్రరీ, ఇవి మాత్రం త్వరగానే పట్టుబడతాయి.

రుషికొండ_ఐటీ
ఇప్పుడు ఏఐ మోడళ్లే వాతావరణం చెప్పేస్తున్నాయి కదా బ్రో. 2023లో గ్రాఫ్‌కాస్ట్, పాంగు-వెదర్ రెండూ వచ్చాయి. ఫిజిక్స్ కోసం అంత కంగారెందుకు?

లాసన్స్‌బే_గాలి
ఈ మాటతో నేను ఏకీభవించను. గ్రాఫ్‌కాస్ట్ నేర్చుకున్నది 1979 నుంచి 2017 దాకా ఉన్న ఈఆర్ఏ5 మీద. ఆ ఈఆర్ఏ5 తయారైంది పరిశీలనలను ఫిజిక్స్ మోడల్‌తో కలిపి. పునాదిలోనే ఫిజిక్స్ ఉంది. పైగా ఈఆర్ఏ5 గ్రిడ్‌లో ఒక్కో గడి దాదాపు 31 కిలోమీటర్లు. యారాడ కొండ, కైలాసగిరి, మధ్యలో ఊరు, అంతా కలిపి ఒకటి రెండు గళ్లలో సర్దుకుపోతుంది. మన సముద్రపు గాలి, కొండల మధ్య పొగ నిలిచిపోవడం అందులో ఎలా కనిపిస్తాయి?

పెదవాల్తేరు_మాష్టారు
బాబూ, ఈ గోడ దాటడం కొత్త విషయం కాదు. గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జి గణితవేత్త. 1904లో మన దేశ వాతావరణ శాఖ అధిపతి అయ్యేనాటికి ఆయనకు ఈ శాస్త్రంలో శిక్షణ లేదు. ప్రపంచం నలుమూలల నుంచి పీడనం, వర్షం, ఉష్ణోగ్రత అంకెలు తెప్పించి, గుమాస్తాల చేత చేత్తో సహసంబంధాలు కట్టించాడు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య పీడనం ఊయలలా ఊగే సదరన్ ఆసిలేషన్ అలా బయటపడింది. ఇవాళ మీరు డేటా మైనింగ్ అంటున్నది అదే పని. కానీ ఆయన రుతుపవనాల అంచనాకు వాడిన సంబంధాల్లో చాలావాటి బలం తర్వాతి దశాబ్దాల్లో తగ్గిపోయింది. సదరన్ ఆసిలేషన్ నిలిచింది. పసిఫిక్ నీళ్లు వేడెక్కే ఎల్‌నినోతో అది ఎలా ముడిపడిందో 1960ల్లో వాతావరణ శాస్త్రవేత్త బ్యెర్క్‌నెస్ వివరించాక దానికి భౌతిక కారణం దొరికింది.

మన ఊళ్లోనూ ఇలాంటి చరిత్ర ఉంది. అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు, వేరే సబ్జెక్టులు చదివిన కుర్రాళ్లే ఆయన దగ్గర చేరి నేవీ ఓడల మీద బంగాళాఖాతంలోకి వెళ్లి కొలతలు తీశారు. కాబట్టి దిగులు పడకు. ఎమ్మెస్సీ క్లాసుల్లో కూర్చోనిమ్మని అడుగు. థర్మోడైనమిక్స్, టెఫిగ్రామ్ (ఎత్తు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత, తేమ ఎలా మారతాయో చూపే పటం) చదవడం, ముందు ఈ రెండూ. మన ఊళ్లో ఎగరేసే వాతావరణ బెలూన్ల కొలతలు 00, 12 యూటీసీకి, అంటే ఉదయం, సాయంత్రం 5:30కి ఉంటాయి. రోజూ ఒక టెఫిగ్రామ్ గీసి, ఆ రోజు ఆకాశం చూడు.

ఆరిలోవ_రీసెర్చ్
మాష్టారి మాటకు నాదొక చేర్పు. వెబ్ మైనింగ్‌లో డేటాను కలగాపులగం చేసి 80 శాతం ట్రైనింగ్‌కు, 20 శాతం టెస్టింగ్‌కు తీస్తాం. ఇక్కడ అలా చేయొద్దు. నిన్నటి గాలికీ ఇవాళ్టి గాలికీ, భీమిలికీ విజయనగరానికీ పోలిక ఉంటుంది. యాదృచ్ఛికంగా విడదీస్తే జవాబు ట్రైనింగ్‌లోకి కారిపోతుంది. కొన్ని ఏళ్లు పూర్తిగా పక్కన పెట్టి వాటి మీదే పరీక్షించండి.

వెబ్ పేజీల లింకుల లెక్కలు మాత్రం నేరుగా పనికొస్తాయి. 2004లో సోనిస్, రోబర్ గ్రిడ్ బిందువులను నోడ్‌లుగా, సహసంబంధాలను లింకులుగా తీసుకుని వాతావరణ నెట్‌వర్క్ కట్టారు. 2016లో స్టోల్బోవా బృందం రుతుపవనాల రాకపోకలను ముందుగా చెప్పడానికి రెండు ప్రాంతాలు కీలకమని చూపింది. ఒకటి ఉత్తర పాకిస్తాన్, రెండోది మన తూర్పు కనుమలు! ఆ పేపర్ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఒక జాగ్రత్త: అక్షాంశ రేఖాంశ గ్రిడ్‌లో ధ్రువాల దగ్గర బిందువులు గుమిగూడతాయి. వైశాల్యంతో తూకం వేయకపోతే అక్కడ దొంగ హబ్‌లు (లింకులు ఎక్కువగా ఉన్నట్టు భ్రమ కలిగించే బిందువులు) పుడతాయి.

మద్దిలపాలెం_స్కాలర్
అందరికీ చాలా థ్యాంక్స్. మరి ఉద్యోగం సంగతి? రెండు పడవల మీద కాళ్లు అంటారేమోనని భయం.

సీతమ్మధార_మేడమ్
అంటారు. ఒక ఇంటర్వ్యూ బోర్డులో నన్ను "మీరు సీఎస్సా, మెటియరాలజీయా, ముందు అది తేల్చండి" అన్నారు. పోస్టు రాలేదు. బాధపడ్డాను. ఇప్పుడు కూడా ఆ ప్రశ్న సరైనదని అనుకోను, కానీ నోటిఫికేషన్లలో 'సంబంధిత సబ్జెక్టులో పీజీ' అన్న లైన్ నిజం, దాన్ని ముందే చదవండి. పేపర్లు రెండు వైపులా ఉండాలి. పద్ధతి గురించి ఒకటి కంప్యూటర్ సైన్స్ జర్నల్‌కు, వాన గురించి ఒకటి వాతావరణ జర్నల్‌కు. ప్రాజెక్టులో మెటియరాలజిస్టు కో-గైడ్‌గా ఉన్నారా లేదా అన్నది జీతం కంటే ముందు అడగండి. లేకపోతే నేనైతే చేరొద్దనే చెప్తాను.

మద్దిలపాలెం_స్కాలర్
ఉన్నారు మేడమ్, ఇవాళే కనుక్కున్నాను. గాజువాక గారూ, ముందుగా 2014 అక్టోబరు ఫైళ్లు తీసుకుని 8:30 తేదీలు సరిచేసి చూస్తాను. కోడ్ ఇక్కడే పెడతాను, ఒకసారి చూసి పెడతారా?

గాజువాక_కోడర్
తప్పకుండా. అక్టోబరు 10 నుంచి 14 దాకా పెట్టండి, ముందు వెనక రోజులు కూడా ఉంటే తేదీ జరిగిందో లేదో వెంటనే తెలుస్తుంది.