పిట్‌కెయిర్న్ దీవికి తెరచాప పడవలో వెళ్లినవాళ్లు ఉన్నారా?

ప్రశ్న: ఆక్లాండ్‌లో ఉంటాను. వచ్చే ఏడాది స్నేహితుడి 38 అడుగుల పడవలో తహితి, అక్కడి నుంచి మాంగరేవా (ఫ్రెంచ్ పాలినీషియా దీవి) మీదుగా దక్షిణ పసిఫిక్‌లోని పిట్‌కెయిర్న్ వెళ్లాలని ప్లాన్. 1790లో బౌంటీ అనే బ్రిటిష్ ఓడ తిరుగుబాటుదారులు స్థిరపడిన దీవి, చిన్నప్పటి నుంచి చూడాలని కోరిక. రేవు లేదంటున్నారు, దిగడం ఎలా? అదే టెన్షన్.

జవాబు 1: మేమిద్దరం వెళ్లొచ్చామండి. మాంగరేవా నుంచి దాదాపు 300 నాటికల్ మైళ్లే గానీ ఆగ్నేయ గాలి ఎదురు కొడుతుంది, మాకు నాలుగు రోజులు పట్టింది. బౌంటీ బే పేరుకే బే, పడవని లోపల కట్టేసే చోటు లేదు, బయట లంగరు వేసి వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో పిలిస్తే ఊరివాళ్లు లాంగ్‌బోట్‌లో వస్తారు. అల లేచి రెండు పడవల అంచులూ సమానమైన ఆ ఒక్క క్షణంలో అడుగు వేసెయ్యాలి, ఆలోచిస్తూ నిలబడితే మళ్లీ కిందికి పోతుంది. మా ఆవిడని ఇద్దరు రెక్కలు పట్టుకుని లాగేశారు. అక్కడి నుంచి ఆడమ్స్‌టౌన్‌కి, అంటే దీవిలోని ఊరికి, నిట్టనిలువు ఎక్కుడు.

జవాబు 2: ఒకరు పడవలోనే ఉండాలి తమ్ముడూ, వంతులవారీగా దిగండి. గాలి మారితే లంగరు ఎత్తి దీవికి అవతలివైపు పోవాల్సిందే. అనుమతి ముందే అడగండి. తేనె మాత్రం తీసుకెళ్లొద్దు, అక్కడి తేనెటీగలకు జబ్బుల్లేవు, వాళ్లకి ఆ తేనే ఆదాయం.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్స్ అన్నా. ముగ్గురం వెళ్తాం అయితే.