అపార్ట్‌మెంట్ కామన్ మీటర్‌కి సోలార్: ముందు ఎక్కడికి వెళ్లాలి?

నమస్కారమండీ. మాది కూకట్‌పల్లిలో పాత అపార్ట్‌మెంట్. లిఫ్టు, బోరు మోటారు వల్ల కామన్ మీటర్ బిల్లు మోయలేకపోతున్నాం. టెర్రస్ మీద సోలార్ పెట్టించాలని అందరినీ ఒప్పించాను. కేంద్రం రూఫ్‌టాప్ సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద విడి ఇంటికి 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ, అసోసియేషన్లకు కిలోవాట్‌కు రూ.18,000. ఇంతవరకు స్పష్టమే.

అసలు టెన్షన్ మీటర్‌ది. అది ఇప్పటికీ బిల్డర్ పేరు మీదే ఉంది, ఆయనేమో ఫోన్ ఎత్తడు. పేరు మార్చకుండా దరఖాస్తు తీసుకుంటారా? ముందు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసుకు వెళ్లాలా, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ రెడ్కోకా? పైగా దక్షిణం వైపు వాటర్ ట్యాంకు ఉంది, చలికాలంలో దాని నీడ టెర్రస్ మీద బాగా పడుతుంది. ప్యానెళ్లు స్టాండు వేసి ఎత్తులో పెట్టిస్తే సరిపోతుందా? హైదరాబాద్‌లో అసోసియేషన్ తరఫున పెట్టించుకున్నవాళ్లు ఏయే కాగితాలు అడిగారో కూడా చెప్పండి, ప్లీజ్.