సెల్లార్‌లో మోకాళ్ల లోతు నీళ్లు: లోన్‌తో కట్టించిన ఇన్సూరెన్స్ పనికొస్తుందా?

ప్రశ్న (నెల్లూరు, మాగుంట లేఅవుట్)
మూడు రోజుల వానకి వీధి కాలువ పొంగి ర్యాంపు మీదుగా సెల్లార్‌లోకి నీళ్లొచ్చేశాయి. మోటారు స్టార్టర్, ఇన్వర్టర్, అమ్మ టేకు మంచం, ఏడాదికని కొన్న ఎనిమిది బస్తాల బియ్యం, నా బండి, అన్నీ మునిగాయి. బస్తా విప్పితే పులిసిన వాసన. హోమ్ లోన్ అప్పుడు బ్యాంకు ఏదో ఇన్సూరెన్స్ కట్టించింది. అది దీనికి వస్తుందా? ఉత్తరం గోడకి ముందునుంచీ చెమ్మ ఉంది. రేపు అంతా కడిగించేద్దామనుకుంటున్నా.

జవాబు (ఒంగోలు)
అన్నా, నీళ్లు తోడించండి గానీ కడిగించడం ఆపండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి మా సెల్లార్ మునిగితే, మేం శుభ్రంగా కడిగేశాక, నష్టం లెక్కకట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాడు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చూపడానికి మీటరు బాక్సు వెనక జానెడు బురద గీత ఒక్కటే మిగిలింది. గోడ మీద గీత, ర్యాంపు, వీధి కాలువ, పాడైన ప్రతి వస్తువూ ఫొటో తీయండి. ఏదీ పారేయకండి. కంపెనీకి ఇవాళే ఫోన్ చేసి, మెయిల్ కూడా పెట్టండి.

ముందు కాగితం చూడండి. లోన్‌తో ఇచ్చేది ఒక్కోసారి మనిషి ప్రాణానికి చేసే లోన్ బీమా మాత్రమే. దానికీ ఇంటికీ సంబంధం లేదు. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ అమ్మాల్సిన 'భారత్ గృహ రక్ష' పాలసీ అయితే తుపాను, వరద, ముంపు, ట్యాంకు పొంగడం, పైపు పగలడం అన్నీ అందులో ఉన్నాయి. ఎన్నాళ్లుగానో ఊరుతున్న చెమ్మకి మాత్రం రాదు. అసలు గొడవంతా నీళ్లు ఎటునుంచి వచ్చాయన్న దాని మీదే. కాబట్టి కాలువ పొంగి ర్యాంపు మీదుగా వచ్చాయని జరిగింది జరిగినట్టు రాయండి. పాత చెమ్మని ఇందులో కలపకండి, అడిగితే దాచకండి.

బండి ఈ పాలసీ కిందికి రాదు. దాని సొంత పాలసీ చూడండి, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చేది) ఒక్కటే అయితే రాదు. దయచేసి స్టార్ట్ చేయకండి. ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉంటే చెడేది అప్పుడే, ఆ నష్టాన్ని మామూలుగా కంపెనీలు ఒప్పుకోవు.

ప్రశ్న అడిగినవారు
కాగితాలు దొరికాయి. గృహ రక్షే, కానీ ఇంటి కట్టడానికి మాత్రమే, సామాన్లకి కాదు అని ఉంది.

జవాబు (ఒంగోలు)
అయితే మంచం, బియ్యం రావన్నా. బాధగానే ఉంది. గోడకీ నేలకీ బిగించినవి, వైరింగ్, స్టార్టర్ లాంటివి కట్టడం కిందే అడగండి. సామాన్లకి కూడా తీసుకుని ఉంటే విడిగా జాబితా ఇవ్వకపోయినా కట్టడం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా కవర్ అయ్యేవి. రెన్యువల్‌లో తప్పకుండా కలపండి.

జవాబు (కావలి)
కంపెనీ క్లెయిమ్ కాదంటే ఊరుకోకండి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) రాయవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు
సర్వేయర్ వచ్చి వెళ్లారు. టేపు పెట్టి బురద గీత కొలిచారు. స్టార్టర్, వైరింగ్, ఊడిన ప్లాస్టరింగ్ రాసుకున్నారు. ఉత్తరం గోడ వదిలేశారు, అది న్యాయమే. కడగకుండా ఆపినందుకు థాంక్స్ అన్నా.