పియానో రోల్‌ని మిడిగా మార్చి వాయిస్తే ఎందుకింత చప్పగా ఉంటోంది?

పాత వెల్టె-మిన్యోన్ (పియానోని దానంతట అదే వాయింపజేసే యంత్రం) రోల్స్, అంటే చిల్లులున్న కాగితపు చుట్టల స్కాన్‌ల నుంచి తీసిన మిడి ఫైళ్లను (ఏ స్వరం ఎప్పుడు, ఎంత బలంగా అని కంప్యూటర్‌కి చెప్పేవి) శాంపిల్ పియానోతో (రికార్డు చేసిన పియానో స్వరాలతో) వింటున్నాను. స్వరాలు, లయ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్రాణమే లేదు!

1904లో వచ్చిన ఆ పద్ధతిలో ఒక్కో స్వరానికి విడిగా బలం ఉండదు కదా. మంద్ర భాగానికొకటి, తార భాగానికొకటి గాలి పీడనం మారుతుంది, అంతే. కాగితంలో చిల్లు రాగానే చిన్న తిత్తి ముడుచుకుని సుత్తిని తోస్తుంది. అదే రోల్ నిజమైన పియానో మీద వింటే మాత్రం ఎదురుగా మనిషి కూర్చుని వాయించినట్టే ఉంటుంది.

లోపం వెలాసిటీ (మిడిలో ఒక్కో స్వరానికి ఇచ్చే బలం) లెక్కల్లోనా? పెడల్ తొక్కినప్పుడు మిగతా తీగలు పలికే మోత శాంపిల్స్‌లో లేకపోవడమా? వెలాసిటీని కాస్త అటూ ఇటూ చేస్తే బాగుంటుందేమో గానీ, అది మోసంలా అనిపిస్తోంది. ఇలాంటివి చేసినవాళ్లు ముందు ఏది సరిచేయాలో చెప్పగలరా?