తోటగదికి గాజు పైకప్పా, మామూలు కప్పా?

పెరటితీగ
ఇంటి వెనక గోడకి ఆనించి 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున తోటగది ప్లాన్ సిద్ధమైంది. తోట పడమటి వైపు ఉంది. ఆ 4 మీటర్ల ముఖమంతా 2.4 మీటర్ల ఎత్తున గాజు తలుపులే, పక్క గోడల్లో కూడా సగం గాజే. వేసవి ఎండ, వానాకాలం రెండూ గట్టిగా ఉండే చోటు. డిజైనర్ గాజు పైకప్పు వేయమంటున్నారు, ఇంజనీర్ స్లాబ్ వేయమంటున్నారు. ఫొటోల్లో గాజు కప్పు చూస్తే మనసు అటే లాగుతోంది. కారణాలతో చెప్పండి, దేనికి ఓటు?

చూరునీడ
స్లాబ్‌కే. ముందు ఈ లెక్క చూడండి. నడినెత్తి ఎండలో సమతలం మీద చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు పడతాయి. మామూలు తెల్ల గాజు ఒంటి పలకైతే అందులో దాదాపు 80 శాతం వేడిగా లోపలికి దిగుతుంది. మీ కప్పు 12 చదరపు మీటర్లు, అంటే 9.6 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసేది 3.5 కిలోవాట్లు. కప్పు నుంచి దిగిన వేడిని తోడెయ్యడానికే పావు తక్కువ మూడు టన్నుల ఏసీ కావాలి. మనుషులు, గోడలు, పడమటి గాజు ఇంకా లెక్కలోకి రాలేదు. వేసవి మధ్యాహ్నం ఆ గది అప్పడాలు ఎండబెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

గాజుపలక
చూరునీడ గారూ, ఈ రోజుల్లో పైకప్పుకి ఒంటి పలక తెల్ల గాజు ఎవరు వేస్తున్నారండీ? లో-ఈ పూత (వేడిని తిప్పికొట్టే పలచని లోహపు పొర) ఉన్న సోలార్ కంట్రోల్ డబుల్ గ్లాస్‌లో ఎస్‌హెచ్‌జీసీ 0.25–0.30 దొరుకుతుంది. అంటే పడిన ఎండ వేడిలో పావు వంతు, మహా అయితే 30 శాతం లోపలికి వస్తుంది. యూ విలువ (లోపలికీ బయటికీ ఉన్న వేడి తేడాకి గాజు గుండా ఎంత వేడి దాటుతుందో చెప్పే అంకె) కూడా ఒంటి పలకకి 5.7 చుట్టూ ఉంటే దీనికి 1.1–1.4. మీరు చెప్పిన 9.6 ఇక్కడ 3.6కి పడిపోతుంది.

స్లాబ్ పార్టీ వాళ్ళు మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. ఆ వెనక గోడలో ఇప్పుడున్న కిటికీ ఏ గదికి వెలుగిస్తోంది? దాని ముందు 3 మీటర్ల లోతున గట్టి కప్పు వేస్తే లోపలి గది చీకటి కొట్టవుతుంది. కిటికీ పై అంచు ఎత్తుకి రెండు, రెండున్నర రెట్ల లోతు దాకానే పగటి వెలుగు పనికొచ్చేలా వెళ్తుంది. 2.4 మీటర్ల గాజు తలుపులంటే 5–6 మీటర్లు. అందులో 3 మీటర్లు తోటగదే మింగేస్తుంది. పైగా మబ్బు పట్టినప్పుడు నడినెత్తి ఆకాశం అంచు ఆకాశం కన్నా దాదాపు మూడు రెట్లు ప్రకాశంగా ఉంటుంది. వానాకాలం పగళ్ళలో వెలుగు నిలువు కిటికీ కన్నా కప్పు నుంచే ఎక్కువ వస్తుంది. తోటగది కట్టుకుని పట్టపగలు లైటు వేసుకు కూర్చోవడం ఎందుకు?

చూరునీడ
లోపలి గది చీకటి మాట నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ 3.6 కిలోవాట్లు అన్నా ఒక టన్ను ఏసీ కప్పుకే అంకితం.

చలి ప్రాంతాల వాళ్ళు కూడా ఈ చర్చ చదువుతుంటారు కాబట్టి ఒక మాట. శీతాకాలపు ఎండ కోసం గాజు కప్పు అనేది ఎక్కువ చోట్ల భ్రమ. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 90 – 50 – 23.4, అంటే దాదాపు 16.6 డిగ్రీలే. ఆ ఏటవాలు ఎండ దక్షిణపు నిలువు గాజు మీద సమతలపు కప్పు మీద కన్నా మూడు రెట్లకి పైగా పడుతుంది. రాత్రి మాత్రం అదే కప్పు ఆకాశంలోకి వేడి పారబోస్తుంది. వేసవిలో సూర్యుడు పైకెక్కాక లెక్క తిరగబడుతుంది: కోరుకోని ఎండంతా కప్పు మీదే. ఎటు చూసినా కప్పు తప్పు చోటు.

వాటం
ఎండ సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నేను నీళ్ళ సంగతి చెప్తాను. ఇలాంటి గదులు చెడేది ఎక్కువగా కప్పు మధ్యలో కాదు, అది పాత గోడని కలిసే గీత దగ్గర.

కొత్త గదికి పునాది వేరు, పాత ఇంటికి వేరు. కొత్తది కొంచెమైనా కిందికి కూర్చుంటుంది. రెంటినీ సిమెంటుతో కలిపి పూసేస్తే మొదటి వానాకాలం దాటకముందే ఆ గీత వెంట బీట పడుతుంది. అక్కడ 12–20 మి.మీ. ఎడం వదిలి, సాగే సీలంట్ పెట్టి, పైన లోహపు ఫ్లాషింగ్ (నీళ్ళు సందులోకి దిగకుండా మడిచి వేసే రేకు) కప్పాలి. ఫ్లాషింగ్ గోడ మీదికి కనీసం 150 మి.మీ. ఎక్కాలి, పై అంచు గోడలో 25 మి.మీ. గాడి కొట్టి దూర్చాలి. గోడ మీద అతికించి సిలికాన్ పూస్తే అది రెండేళ్ళ ముచ్చట.

గాజు కప్పు అయితే వాటం 10 డిగ్రీలకి తగ్గకూడదు, 15 ఉంటే దుమ్ము వానకి తనే కడుక్కుపోతుంది. మీ 3 మీటర్ల వెడల్పుకి 10 డిగ్రీలంటే 53 సెం.మీ. దిగుడు, 15 అంటే 80 సెం.మీ. తలుపుల పైన దూలం, దాని మీద ఈ 80 కలిపితే గోడ దగ్గర కప్పు 3.4 మీటర్లు దాటుతుంది. పై అంతస్తు కిటికీ గడపకి ఇది తగులుతుందా? డ్రాయింగులో ముందు కొలిచి చూసుకోండి. చాలామంది దీన్ని ఫ్రేములు వచ్చాకే గమనిస్తారు, అప్పుడు చేసేది లేక వాటం తగ్గిస్తారు, ఇక నీళ్ళు గాజు అంచున నిలుస్తాయి.

ఇంకోటి, వ్యాకోచం. ముదురు రంగు అల్యూమినియం ఫ్రేము రాత్రికీ పగటికీ మధ్య 50 డిగ్రీల తేడా చూడటం పెద్ద విషయం కాదు. 4 మీటర్ల ముక్క 4.6 మి.మీ. పెరుగుతుంది, అంతే పొడవు గాజు 1.8 మి.మీ. మాత్రమే. ఈ దాదాపు 3 మి.మీ. తేడాని రబ్బరు గాస్కెట్ తట్టుకుంటుంది, గట్టిపడిన పుట్టీ తట్టుకోదు. పాలీకార్బొనేట్ రేకు సంగతి మరీ ఘోరం, 3 మీటర్లకి 40 డిగ్రీల తేడాకే 8 మి.మీ. స్క్రూ రంధ్రం స్క్రూ అంతే వేస్తే రేకు అక్కడే చిట్లుతుంది.

గాజుపలక
వాటం గారు చెప్పిన దానికి రెండు చేర్పులు. లామినేటెడ్ (రెండు పలకల్ని ప్లాస్టిక్ పొరతో అతికించిన) గాజు అంచుకి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ తగలనివ్వకండి, మధ్యలో ఉన్న పీవీబీ పొరని అంచు నుంచి పాడుచేస్తుంది. న్యూట్రల్ క్యూర్ సిలికాన్ అని డబ్బా మీద చూసి కొనండి. రెండోది, చూరు దగ్గర డబుల్ గ్లాస్ అంచుని ఎండకి బయటపెట్టొద్దు. సీలు పాడైతే రెండు పలకల మధ్య చెమ్మ చేరి గాజు శాశ్వతంగా మసకబారుతుంది, తుడవడానికి అందదు.

తల మీది గాజులో లోపలి పలక తప్పనిసరిగా లామినేటెడ్ ఉండాలి. టఫెన్డ్ గాజు (బాగా వేడిచేసి ఒక్కసారి చల్లార్చి గట్టిపరిచినది) బలమైనదే, కానీ నికెల్ సల్ఫైడ్ రేణువు ఇరుక్కుంటే ఏ కారణం లేకుండా ఓ రోజు పగలొచ్చు. పగిలితే ముక్కలు గుత్తులుగా కింద కూర్చున్న వాళ్ళ మీద పడతాయి. లామినేటెడ్ పగిలినా పొరకి అతుక్కుని వేలాడుతుంది. బయట 6 మి.మీ. టఫెన్డ్, లోపల 4+4 లామినేటెడ్ అనుకుంటే చదరపు మీటరుకి 35 కిలోలు (మి.మీ. మందానికి 2.5 కిలోల లెక్క). 12 చదరపు మీటర్లకి 420 కిలోలు. 100 మి.మీ. స్లాబ్ అయితే చదరపు మీటరుకే 250 కిలోలు. పునాది ఖర్చు ఎటు తగ్గుతుందో చూరునీడ గారు కూడా చూడాలి :)

నడవా
ఫొటోల ప్రస్తావన వచ్చింది కాబట్టి. గాజు ఇల్లు అనగానే అందరూ చూపించే రెండిళ్ళు: ఆర్కిటెక్టు ఫిలిప్ జాన్సన్ 1949లో కట్టుకున్న గ్లాస్ హౌస్, ఇంకో ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రో 1951లో పూర్తిచేసిన ఫార్న్‌స్‌వర్త్ హౌస్. రెంటికీ గోడలే గాజు, కప్పు గాజు కాదు! అయినా ఫార్న్‌స్‌వర్త్ వేసవిలో ఉడికిపోయేది. ఒంటి పలక గాజు, తలుపు కాక తెరుచుకునేవి ఒక చివర రెండు చిన్న కిటికీలే.

నిజంగా గాజు కప్పు ఉన్న పాతవి చూద్దాం. 1848లో పూర్తయిన లండన్ క్యూ ఉద్యానంలోని పామ్ హౌస్ తాటి జాతి మొక్కల కోసం, మనుషులు సోఫా వేసుకోవడానికి కాదు. దానికి కూడా మొదట ఎండ తీవ్రత తగ్గించే ఆకుపచ్చ గాజు వాడారు. 1851లో లండన్ ప్రదర్శన కోసం కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ కప్పు మీద దాని రూపకర్త జోసెఫ్ పాక్స్టన్ బయటి వైపు గుడ్డ పరిపించి, గోడల్లో తెరుచుకునే లూవర్లు (గాలి కోసం వరసగా అమర్చిన పలకలు) పెట్టించాడు. గాజు కప్పు కట్టిన మొదటి తరానికే నీడ లేకుండా కుదరదని తెలుసు. ఫొటోలో ఆ గుడ్డ కనపడదు, అంతే.

గాజుపలక
నడవా గారూ, ఇది నా వాదనకే బలం. నీడ బయట ఉంటే గాజు కప్పు పనిచేస్తుందనే కదా పాక్స్టన్ చూపించింది! లోపలి బ్లైండ్ మోసం: ఎండ గాజు దాటేశాక గుడ్డ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. బయట, గాజుకి 100–150 మి.మీ. ఎత్తున, గాలి ఆడేలా పట్టాల మీద జరిగే తెర వేస్తే ఎండ గాజుని చేరకముందే ఆగుతుంది. మబ్బు రోజు తెర జరిపితే వెలుగు మీదే. స్లాబ్‌ని జరపలేరు.

వాటం
జరిగే తెరకి మోటారు, గాలి సెన్సర్ రెండూ కావాలి. పెనుగాలికి తనంత తను ముడుచుకోకపోతే పట్టాలతో సహా లేచిపోతుంది. పట్టాల్లో ఆకులు ఇరుక్కుంటాయి. గాజు మీద నడవలేరు కాబట్టి నిచ్చెన ఎక్కడ ఆనుతుందో ప్లాన్‌లోనే చూపించాలి. సగం తెరలు రెండో ఏడు నుంచి ఒకే స్థానంలో ఆగిపోయి ఉంటాయి. జరగని తెర ఉన్న గాజు కప్పు అంటే ఖరీదైన రేకుల షెడ్డు, నా దృష్టిలో.

పచ్చికుండీ
మొక్కల వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు. ఇంటిమొక్కల్లో ఎక్కువ రకాలకి 1000–2000 లక్స్ (వెలుగు కొలత) చాలు, నేరుటెండ లక్ష లక్స్. గాజు కప్పు కింద వేసవిలో నీడజాతి ఆకులు మాడి తెల్లమచ్చలు పడతాయి, ఆ గదిలో చివరికి మిగిలేవి నాగజెముడులే. గట్టి కప్పు, మూడు వైపులా గాజు ఉంటే కిటికీ నుంచి మీటరు, మీటరున్నర లోపల పెట్టినవి హాయిగా పెరుగుతాయి. కానీ కప్పు ఏదైనా చెమ్మ గుర్తుంచుకోండి. ముప్పై కుండీలు రోజూ తాగే నీళ్ళు దాదాపుగా గాలిలోకే పోతాయి. చలి ప్రాంతంలో లోపల 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీలకి చల్లబడిన ప్రతి ఉపరితలం మీదా నీటి బొట్లు పడతాయి. బయట సున్నా ఉంటే ఒంటి పలక గాజు లోపలి ముఖం 5 డిగ్రీల దగ్గర ఉంటుంది, లో-ఈ డబుల్ గ్లాస్ ముఖం 17 దగ్గర. మొదటిది కారుతుంది, రెండోది కారదు.

నడవా
ఇంకో మాట, చూరునీడ గారికి. స్లాబ్ వేస్తే చల్లగా ఉంటుందన్నట్టు మాట్లాడుతున్నారు. పైన ఏమీ లేని ఉత్త స్లాబ్ పగలంతా ఎండ తాగి సాయంత్రం కిందికి వదులుతుంది, సరిగ్గా తోటగదిలో కూర్చునే వేళకి.

చూరునీడ
సరైన మాట, స్లాబ్ అని ఊరుకోవడం నా పొరపాటు. స్లాబ్ అయితే పైన ఇన్సులేషన్, దాని మీద వాటర్‌ప్రూఫింగ్, ఆపైన తెల్ల పూత. ఇంకా మేలు, ఇనప వాసాల మీద 100 మి.మీ. పీఐఆర్ ప్యానెల్ (మధ్యలో వేడిని ఆపే గట్టి నురుగు ఉన్న పలక): చదరపు మీటరుకి 15 కిలోల లోపే. బరువులో గాజుపలక గారిని కూడా గెలిచాం. లోపలి వైపు చెక్కో బోర్డో వేస్తే వాన చప్పుడు తగ్గుతుంది.

పెరటితీగ
అందరికీ ధన్యవాదాలు. ప్యానెల్ కప్పు వేసి 60 సెం.మీ. చూరు వదిలితే పడమటెండ ఆగుతుందా?

చూరునీడ
ఆగదు. సాయంత్రం సూర్యుడు 30 డిగ్రీల ఎత్తున ఉంటే 60 సెం.మీ. చూరు గాజు మీద వేసే నీడ 35 సెం.మీ. మాత్రమే, మిగతా రెండు మీటర్లు ఎండలోనే. ఆ వేళకి నిలువు గాజు మీద చదరపు మీటరుకి 600 వాట్ల దాకా పడతాయి. మీ 9.6 చదరపు మీటర్ల తలుపులకి 0.3 గాజు వేస్తే 1.7 కిలోవాట్లు, తెల్ల గాజు వేస్తే 4.6. పడమటికి చూరు కాదు, బయట నిలువుగా దిగే తెరో, తిరిగే పలకల లూవర్లో, ఆకురాల్చే చెట్టో కావాలి. డబ్బు కప్పు గాజు మీద కాక ఇక్కడ పెట్టండి.

లోపలి గది వెలుగుకి మాత్రం గాజుపలక గారి మాట వినాలి. పాత గోడని ఆనుకుని 60 సెం.మీ. వెడల్పు, 4 మీటర్ల పొడవున ఒక గాజు పట్టీ వదలండి. 2.4 చదరపు మీటర్లు, 0.3 గాజుకి 720 వాట్లు. తెల్ల గోడ మీద వెలుగు జారి నేరుగా లోపలి కిటికీకి అందుతుంది.

వాటం
కరెక్టుగా కారే చోటే గాజు పెట్టమంటున్నారు! పెడితే పట్టీ చుట్టూ 150 మి.మీ. గట్టు లేపాలి. గోడకీ గట్టుకీ మధ్య చెయ్యి దూరేంత సందు వదిలి, లోహపు కాలువ వేసి రెండు కొసలకీ వాటం ఇవ్వండి. గంటకి 100 మి.మీ. వానకి 12 చదరపు మీటర్ల కప్పు నుంచి నిమిషానికి 20 లీటర్లు వస్తాయి. పై గోడ నుంచి జారే నీళ్ళు అదనం, అవి ఈ కాలువలోకే. అందుకే కాలువకి రెండు గొట్టాలు పెట్టండి, ఒకటి ఆకులతో పూడినా రెండోది ఉంటుంది.

గాజుపలక
పట్టీలో రెండు పలకలైనా తెరుచుకునేవి పెట్టించండి. వేడిగాలి చేరేది అక్కడికే, కింద తలుపు కాస్త తీస్తే పైనుంచి తనే పోతుంది. గ్రీన్‌హౌస్‌లలో వాడే మైనపు సిలిండర్ ఓపెనర్లు మాత్రం వేడి ప్రాంతాల్లో వద్దు, మైనం ఎప్పుడూ కరిగే ఉండి కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వాన పడుతున్నా.

వాటం
తెరుచుకునే ప్రతి పలకా ఇంకో కారే చోటు. బిగించేసిన పట్టీ, పక్క గోడల పై భాగంలో లూవర్లు అన్నదే నా ఓటు.

గాజుపలక
లూవర్లు పక్క గోడ నెత్తి దాకా వెళ్ళవు కదండీ, అక్కడ దూలం ఉంటుంది. దాని పైన చిక్కుకున్న వేడిగాలి ఎటు పోతుంది?