‘కొవొరో కొవొరో’కి తెలుగేది?

కత్తీ_కలమూ:
గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. స్నేహితులం కలిసి ఆడుకునే ఒక బల్ల మీది ఆట కోసం కల్పిత లోకం రాస్తున్నాను. సామురాయిల్లాంటి యోధులు, పంతాలకు పోయే ఏడు వంశాలు, కొండ మీద కోటలు, ఈ బాపతు. ముందుగా ఆ లోకం ఎలా పుట్టిందో చెప్పాలి. ఊరికే అల్లేయడం ఇష్టం లేక జపాన్ వాళ్ళ అసలు కథ, అంటే ‘కొజికి’, దగ్గరికి వెళ్ళాను. అందులో ఇజనగి, ఇజనమి అనే జంట ఆకాశంలో తేలే వంతెన మీద నిలబడి, రత్నాల ఈటెను కిందికి దించి సముద్రాన్ని కలుపుతారు. ఈటె పైకెత్తితే మొన నుంచి కారిన ఉప్పునీరు పేరుకుని ‘ఒనొగొరో’ అనే మొదటి దీవి అవుతుంది.

నేను రాసుకున్న వాక్యం ఇది: “ఆ దంపతులు దివ్యశూలంతో సాగరమథనం గావించగా లవణజలం ఘనీభవించి ద్వీపమయ్యెను.”

మూలంలో కలిపే చోట ‘కొవొరో కొవొరో’ అని ఒక జంటమాట ఉంది. దానికి తెలుగు దొరక్క వదిలేశాను. ఫరవాలేదంటారా?

చల్లకుండ:
వదిలేయకండి. ఉన్నవాటిలో ప్రాణం ఉన్న మాట అదొక్కటే, మిగతాదంతా పంచాంగ శ్రవణంలా ఉంది. ‘ఘనీభవించి’ అనగానే నాకు హైస్కూల్ సైన్సు మాస్టారు గుర్తొచ్చి వీపు దురద పెట్టింది.

కోనసీమ_కొబ్బరాకు:
ఇది మన క్షీరసాగర మథనమే కదండీ! ఈటె మందర పర్వతం, సముద్రం సముద్రమే. ఇక్కణ్ణుంచే అక్కడికి వెళ్ళుంటుంది. ‘మథనం’ అనే మాటే సరి.

పాతనిఘంటువు:
నాయనా, నిదానం. నన్నయ ఆదిపర్వంలో చూడు, పోతన అష్టమ స్కంధంలో చూడు. మన కథలో తాడు ఉంది, అటూ ఇటూ లాగే రెండు పక్షాలున్నాయి, లోపల దాగున్న అమృతాన్ని పైకి తీయడం ఉంది. దాన్ని ‘చిలకడం’ అంటారు. జపాన్ కథలో తాడూ లేదు, పోటీ లేదు, లోపల దాచిన సరుకూ లేదు. ఈటె దించారు, తిప్పారు, ఎత్తారు. అది ‘కలియతిప్పడం’. మజ్జిగ చిలుకుతాం గానీ పప్పు చిలకం గదా. ‘మథనం’ అని రాసిన మరుక్షణం తెలుగు పాఠకుడి తలలో వాసుకి చుట్ట చుట్టుకుని కూర్చుంటాడు. తర్వాత ఎంత మొత్తుకున్నా కదలడు.

ఒసాకాలో_ఓరుగల్లు:
మాస్టారు చెప్పిందే నా మాట. కాకపోతే ఆ ‘కొవొరో’ కత వేరే ఉంది, జర ఓపిక పట్టి చదవండి.

కొజికి 712లో రాణి గెమ్మెయికి అందింది. రాసినాయన ఓ నో యసుమారో. హియెద నో అరె అనే మనిషి నోట్లో ఉన్న పాత కథల్ని కాయితం మీద పెట్టిండు. అప్పటికి జపాన్ భాషకు సొంత లిపి లేదు, చేతిలో ఉన్నవి చైనా అక్షరాలే. ముందుమాటలో యసుమారో తన బాధ చెప్పుకుంటడు: అక్షరాలను అర్థానికి మాత్రమే వాడితే మనసులో మాట అందదు, అన్నిటినీ శబ్దానికే వాడితే రాత చాంతాడంత అయితది. అందుకని రెండూ కలిపి రాసిండు. ఎక్కడ శబ్దానికి వాడిండో అక్కడ చిన్న గుర్తు పెట్టిండు.

ఇప్పుడు మన మాటకు రండి. ఈటె, సముద్రం, దీవి వీటన్నిటికీ అర్థమిచ్చే అక్షరాలు వేసిన మనిషి, ‘కొవొరో కొవొరో’ దగ్గరికొచ్చేసరికి ఆగిండు. శబ్దాన్ని ఒక్కో అక్షరంగా రాసి, పక్కన “ఈ ఏడు అక్షరాలు శబ్దానికి” అని రాసిండు. రాసిన తీరు ఇంకా ముచ్చటగ ఉంటది. ‘కొ’ వేసి మళ్ళీ అదే అని గుర్తు, ‘వొ’ వేసి గుర్తు, ‘రో’ వేసి గుర్తు, చివర ‘ని’. తెలియక చదివితే కొకొ-వొవొ-రోరో అయితది, తెలిసినోడు చదివితే కొవొరో-కొవొరో.

అంటే 1300 ఏండ్ల కింద ఆయన అర్థంలోకి దించనన్న మాటను మనం ‘ఘనీభవించి’లో ముంచేస్తున్నం.

కత్తీ_కలమూ:
అక్కా, ఒళ్ళు గగుర్పొడిచింది. అయితే అది చప్పుడా? కలిపేటప్పుడు వచ్చే మోత?

ఒసాకాలో_ఓరుగల్లు:
అదే తేలలేదు. కలిపేటప్పటి చప్పుడని కొందరు, నీళ్ళు చిక్కబడి గడ్డకట్టే తీరని కొందరు. 1882లో చాంబర్లేన్ అనే ఇంగ్లీషు పండితుడు కొజికిని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు రెండో దారి పట్టి ‘కర్డిల్-కర్డిల్’ అన్నడు, పాలు విరిగినట్టు. నాకు కూడా అటే మొగ్గుంది, ఎందుకంటే ఒనొగొరో అన్న పేరుకే “తనంతట తానే గట్టిపడినది” అని అర్థం చెప్తరు. కొవొరో, గొరో ఒక తల్లి పిల్లల్లాగ వినిపిస్తయి.

ఇంకో సంగతి. ఈ మాట కొజికి చివరి భాగంలో మళ్ళీ వస్తది. యూర్యకు చక్రవర్తి జెల్కోవా చెట్టు కింద విందు చేసుకుంటుంటె, మియె నుంచి వచ్చిన పరిచారిక మద్యం గిన్నె అందిస్తది. గిన్నెలో ఆకు రాలిన సంగతి ఆమె చూడలే. ఆయన చూసిండు, ఆమెను కింద పడేసి మెడ మీద కత్తి పెట్టిండు. ఆమె “చంపకండి, ఒక మాట చెప్పాలి” అని పాట అందుకుంటది. పైకొమ్మ ఆకు నడిమికొమ్మను తాకి, నడిమికొమ్మ ఆకు కిందికొమ్మను తాకి, ఆ ఆకు మీ గిన్నెలో “తేలే కొవ్వులా” పడి, నీళ్ళు “కొవొరో కొవొరో” అన్నయి, ఎంత గొప్ప శకునం, అంటది. లోకం పుట్టిన మాటను తెచ్చి మద్యం గిన్నెలో పెట్టింది. చక్రవర్తి వదిలేసిండు.

చల్లకుండ:
ఆ అమ్మాయికి ప్రాణం పోసిన మాటను మనం అచ్చువేయకుండా వదిలేద్దామనుకున్నాం!

కోనసీమ_కొబ్బరాకు:
సరే, మథనం వెనక్కి తీసుకుంటున్నాను. మరి ‘కొరకొర’ అంటే? శబ్దం దాదాపు అదే. అసలు జపనీసుకీ ద్రావిడ భాషలకీ చుట్టరికం ఉందంటారు కూడా.

పాతనిఘంటువు:
‘కొరకొరా చూడడం’ అంటే తెలుసుగా. దీవి పుట్టేటప్పుడు సముద్రం అత్తగారిలా చూసిందంటావా?

చుట్టరికం సంగతి: జపాన్ భాషావేత్త ఓనో సుసుము తమిళంతో సంబంధం ఉందని చాలాకాలం వాదించారు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. శబ్దాలు కలిసినంత మాత్రాన చుట్టాలైపోతే లోకంలో పెళ్ళిళ్ళే జరగవు. ఆ చర్చ ఇక్కడ వద్దు, గ్రూపులో ఏడాదికోసారి లేస్తుంది, ఏడాదికోసారి చల్లారుతుంది.

కోనసీమ_కొబ్బరాకు:
😄 ఒప్పుకున్నా.

నౌపడా_ఉప్పు:
నేను పెద్దగా చదువుకున్నోణ్ణి కాదు గానీ ఉప్పు మడుల పక్కన పెరిగినోణ్ణి, అందుకని ఒక మాట. మా వేపు ఉప్పు గడ్డకట్టింది అనరు, ఉప్పు ‘పండింది’ అంటారు. మడిలో సముద్రపు నీరు ఎండకి చిక్కబడతాది. పైన సన్నటి పొర కడతాది. అది చూసి పెద్దోళ్ళు ఇంక రెండ్రోజులే అంటారు. తర్వాత అడుగున పలుకులు దిగతాయి. కర్ర పలకతో లాగితే ‘గరగర’మని చప్పుడు. మీ ఈటె కూడా ఉప్పునీళ్ళనే కలిపింది కాబట్టి గరగర సరిపోద్దేమో చూడండి.

ఒసాకాలో_ఓరుగల్లు:
ఈ కథలో ఉప్పు వండే పని నీడ ఉందని ఇక్కడ కూడా అనేటోళ్ళున్నరు. మీరు చూసి చెప్పిన్రు.

కత్తీ_కలమూ:
“ఉప్పునీరు గరగరమనేలా కలియతిప్పి...” బాగుందండీ. దాదాపు పట్టేశాం అనిపిస్తోంది.

పాతనిఘంటువు:
నాకు అనుమానంగా ఉంది. గరగర పొడిది. గంజి పెట్టిన పంచె గరగర, బొంగురు గొంతు గరగర. కలిపే వేళకి అక్కడున్నది తడి, జిడ్డు. తుకతుక, కుతకుత అందామంటే కింద పొయ్యి కావాలి. గిరగిర అంటే తిరిగేది ఈటె, నీళ్ళు కావు. కొజికిలో నీళ్ళు కొవొరో అన్నాయి.

ఒసాకా అమ్మాయీ, ఆ పాటలో “తేలే కొవ్వులా” అన్నావే, అది సృష్టికథలో కూడా ఉందా?

ఒసాకాలో_ఓరుగల్లు:
ఉంది మాస్టారూ, మొట్టమొదట్లోనే. నేల ఇంకా పసిదిగా ఉన్నప్పుడు “తేలే కొవ్వులాగ, జెల్లీఫిష్‌లాగ కొట్టుకుపోతున్నది” అని రాస్తడు. మూలంలో ఉన్న మాట ‘అబుర’, అంటే నూనె అయినా కావచ్చు, కొవ్వు అయినా కావచ్చు.

చల్లకుండ:
ఆగండాగండి. ముందు తేలే కొవ్వు, తర్వాత గట్టిపడడం. ఇది మా అమ్మమ్మ వంటింటి మాట! వెన్న కాచి దించాక నెయ్యి చల్లారేటప్పుడు ఆమె గిన్నె వంచి చూసి “పూస కట్టింది” అనేది. సరిగ్గా కాచిన నెయ్యి పూసపూసగా పేరుతుంది, సరిగ్గా కాచంది మైనంలా ముద్ద కడుతుంది. ‘పూసపూసగా’ జంటమాటే, తడిమాటే, కంటికీ వేలికీ తెలిసే మాట.

పాతనిఘంటువు:
శభాష్. ‘పేరు’ అన్న క్రియ కూడా అక్కడే ఉంది చూడు. పేరిన నెయ్యి, పేరిన నూనె. ఘనీభవించడానికి వెయ్యేళ్ళుగా మనింట్లో ఉన్న మాట.

ఒసాకాలో_ఓరుగల్లు:
నాకు ఇప్పుడు గుండె ఝల్లుమన్నది. ఆ ఈటె పేరు ‘అమె నో నుబొకొ’. ‘హొకొ’ ఈటె. ‘ను’ అంటే ఏందో 720లో వచ్చిన జపాన్ పాత చరిత్ర పుస్తకం నిహొన్ షొకిలోనే గుర్తు రాసి పెట్టిన్రు: రాయి రత్నం, ‘తమ’ అని. జపాన్ పాత సమాధుల్లో దొరికే ‘తమ’లు మెడలో గుచ్చుకునే పూసలే. ‘రత్నాల ఈటె’ అంటే కిరీటంలో వజ్రం గుర్తొస్తది గానీ, ‘పూసల ఈటె’ అనొచ్చు. పూసల ఈటెతో కలిపితే నీరు పూసపూసగా పేరింది. ఇది మూలంలో లేని శ్లేష, తెలుగులోనే పుట్టింది. అయినా నేను వద్దనను.

కోనసీమ_కొబ్బరాకు:
నేను వద్దంటాను. ఇందాక నన్ను వాసుకి తెచ్చావని తిట్టి, ఇప్పుడు మీరు జపాన్ సముద్రంలో నేతిగిన్నె దించుతున్నారు. వాళ్ళకి నెయ్యెక్కడిది?

పాతనిఘంటువు:
న్యాయమైన అభ్యంతరం. నెయ్యి అన్న మాట వాక్యంలోకి రానివ్వకూడదు. ‘పూసపూసగా పేరింది’ అని ఊరుకోవాలి. మథనం అంటే కథ వెంట వస్తుంది, పేరడం అంటే స్పర్శ మాత్రమే వస్తుంది. నాకు తేడా అక్కడ కనిపిస్తోంది. నీకు కనిపించకపోతే పోట్లాడుకుందాం, తొందరేం లేదు.

కోనసీమ_కొబ్బరాకు:
సగం కనిపించింది.

కత్తీ_కలమూ:
రెండు చిన్న సందేహాలు తీర్చి పుణ్యం కట్టుకోండి. ‘కమి’కి దేవుడు అనాలా, వేలుపు అనాలా? సామురాయిని సామురాయిగానే ఉంచనా?

ఒసాకాలో_ఓరుగల్లు:
వేలుపు. 18వ శతాబ్దపు పండితుడు మోతొఓరి నొరినగ కొజికి మీద 44 సంపుటాల వ్యాఖ్య రాసిండు. ఆయన లెక్కన మామూలుగా లేనిది, చూస్తే గుండె అదిరేది ఏదైనా కమియే. చెట్టు, కొండ, సముద్రం, మృగం కూడా. ‘దేవుడు’ అంటే గుడిలో విగ్రహం గుర్తొస్తది. ‘ఎనభై లక్షల కమి’ అని వాళ్ళ లెక్క, అది లెక్క కాదు, మన ముక్కోటి లాంటిదే.

ఇంకోటి, సామురాయిలు ఈ కథకి ఎన్నో వందల ఏండ్ల తర్వాతి మనుషులు. వాళ్ళు రాజ్యం చేతిలోకి తీసుకున్నది 12వ శతాబ్దం చివర్ల. మీ లోకంలో సృష్టికథ చెప్పేవాడు కత్తి పట్టినోడు కాకుండా, హియెద నో అరె లాంటి నోటిమాట మనిషి అయితే బాగుంటది.

పాతనిఘంటువు:
‘సామురాయి’ మూలం ‘సబురౌ’ అనే క్రియ. దగ్గరుండి కొలవడం. తెలుగులో ‘బంటు’ సరిగ్గా అదే: సేవకుడూ అవును, యోధుడూ అవును. రామబంటు అంటే తక్కువ మాటా? కాకపోతే చదరంగంలో బంటుని చూసినవాడు నీ వీరుణ్ణి మొదటి ఎత్తులోనే బలిచ్చేస్తాడు. ఆలోచించుకో.

కత్తీ_కలమూ:
బంటు ఒక వంశానికి బిరుదుగా పెడతాను. ఇదిగో మళ్ళీ రాశాను:

“నేల అప్పటికింకా నేల కాలేదు. తేలే కొవ్వులా, జెల్లీఫిష్‌లా నీళ్ళ మీద కొట్టుకుపోతోంది. ఇద్దరు వేలుపులు తేలే వంతెన మీద నిలబడి పూసల ఈటె దించారు. కలియతిప్పారు. ఉప్పునీరు చిక్కబడింది, పూసపూసగా పేరింది. ఈటె ఎత్తితే మొన నుంచి బొట్టు మీద బొట్టు జారి దీవి పండింది. ఎవరూ పేర్చలేదు, తనంతట తనే పేరింది, అందుకే దాని పేరు తాపేరు.”

చల్లకుండ:
‘దీవి పండింది’! నౌపడా వారి వాటా కూడా ఇచ్చేశారు.

పాతనిఘంటువు:
‘తాపేరు’ని చూసి మీ ఆటగాళ్ళు తాపేశ్వరం కాజా అనుకోకుండా చూసుకో. మిగతాదంతా ఒప్పు. ‘కలియతిప్పారు’ని విడి వాక్యంగా వదలడం బాగుంది.

కోనసీమ_కొబ్బరాకు:
‘జెల్లీఫిష్’ ఒక్కటే పంటికింద రాయిలా ఉంది. నౌపడా గారూ, మీ వేపు దాన్నేమంటారు?

నౌపడా_ఉప్పు:
నన్నడక్కండి, నేను ఉప్పు మనిషిని. రేపు పొద్దున్న రేవుకెళ్ళి చేపల మనిషిని అడిగి చెప్తాను.