అప్‌డేట్: మీటింగుల మధ్య మధ్యాహ్నం భోజనం

నల్గొండలో ఇంటి నుంచే పనిచేస్తున్నానని, లండన్ టీమ్ కాల్స్ సరిగ్గా తిండి వేళకే పడుతున్నాయని, ఏం చేయాలని ఇదివరకు ఇక్కడ అడిగాను. షుగర్ ఉన్న నాన్న నేను కాల్ ముగించి లేచేదాకా కంచం ముట్టడు. నా టెన్షన్ అంతా అదే.

మీలో చాలామంది చెప్పినట్టే క్యాలెండర్‌లో 12:45 నుంచి 1:30 దాకా బ్లాక్ చేశాను. ఉట్టి 'బిజీ' అని పెడితే ఎవరూ పట్టించుకోలేదు, దాని మీదే ఇన్వైట్లు పంపారు. గూగుల్ క్యాలెండర్‌లో 'అవుట్ ఆఫ్ ఆఫీస్' పెట్టి, కొత్త మీటింగులు వద్దనే ఆప్షన్ ఎంచుకున్నాక అదే తిప్పి పంపుతోంది. మేనేజర్‌కు నాన్న సంగతి చెప్పాను, ఆమె వెంటనే ఒప్పుకున్నారు. చాలా సంతోషమనిపించింది.

ఇప్పుడు లండన్‌లో వేసవి టైమ్ (గడియారాలు గంట ముందుకు జరిపి ఉంటాయి) కాబట్టి వాళ్ల ఉదయం 9 మనకు 1:30. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు వెనక్కి జరిపితే అదే 2:30 అవుతుంది, ఇంకా నయం.

అమ్మ పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి గుడ్డలో చుట్టి పెడుతోంది. నేను పచ్చిపులుసు కలిపేలోపే నాన్న కూర్చుంటున్నాడు, గోలీ కూడా టైమ్‌కు పడుతోంది.

శుక్రవారం ఒంటిగంట కాల్ ఒక్కటే మిగిలింది. మార్చమని అడిగాను, ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.